కాఫీ పొట్లం మీద ముద్రలు: రైతుకు ఏది ఎంత చేరుస్తుంది?

కాఫీ పొట్లాన్ని వెనక్కి తిప్పి చూస్తే ముద్రలు కొలువు తీరి కనిపిస్తాయి. ఒకచోట చెయ్యి పైకెత్తిన మనిషి, ఒకచోట కప్ప, మరోచోట ఆకు, ఇంకోచోట పక్షి. పక్కన 'రైతు నుంచి నేరుగా' అనే మాట, దాని కింద నవ్వుతున్న రైతు ఫొటో. చూడగానే కొనేవాడి మనసు తేలికపడుతుంది. ముద్ర వేసింది అందుకే కదా. కానీ ఇవన్నీ ఒకే మాట చెప్పడం లేదు. 'పండించినవారికి ఇంతకు తగ్గకుండా ఇవ్వాలి' అని అంకె వేసి చెప్పేవి వీటిలో ఒకటో రెండో. కొన్ని చెట్ల గురించీ నీటి గురించీ చెబుతాయి. కొన్ని ఏమీ చెప్పవు, చెప్పినట్టు కనిపిస్తాయి.

మీ డబ్బులో న్యాయమైన వాటా పండించినవారికి చేరాలన్నదే మీ ఉద్దేశమైతే ఏ ముద్ర వైపు చెయ్యి చాపాలి, ముద్ర లేని పొట్లం ఎప్పుడు మేలు అన్నది ఇక్కడ పోల్చి చూస్తాను. నా పక్షపాతం ముందే చెప్పేస్తున్నాను: అంకె చెప్పని మంచితనాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

రైతుకు రెండు కష్టాలు

ముద్రలు మందులైతే, ముందు జబ్బు తెలియాలి. కాఫీ రైతుకు ధర విషయంలో ఉన్న కష్టాలు రెండు. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

మొదటిది ధర ఉన్నట్టుండి కూలిపోవడం. కాఫీలో ప్రధాన రకాలు రెండు: అరబికా, రోబస్టా. అరబికాకు ప్రపంచమంతటా ప్రాతిపదికగా తీసుకునే ధర న్యూయార్క్ ఫ్యూచర్స్ మార్కెట్లో, అంటే ముందు తేదీకి ఇచ్చే సరుకుకు ఇప్పుడే బేరమాడే చోట, తేలుతుంది. రోబస్టాకు లండన్ మార్కెట్. 1989 వరకు అమ్మే దేశాలు, కొనే దేశాలు కలిసి అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఎగుమతి కోటాలు పెట్టుకుని ధరను ఒక పరిధిలో పట్టి ఉంచేవి. ఆ ఏడాది జులైలో కోటాల పద్ధతి కూలింది. అప్పటి నుంచి ధరకు పగ్గం లేదు. 2001లో అరబికా పౌండు 42 సెంట్ల దగ్గరికి జారింది. 2011లో మూడు డాలర్లు దాటింది. 2019లో మళ్లీ డాలరు కంటే కిందికి వచ్చింది. 2025 ఆరంభంలో నాలుగు డాలర్లు దాటింది. పౌండంటే అర కిలో కంటే కాస్త తక్కువ.

ఈ ఊగిసలాటలో రైతును దెబ్బతీసే కిటుకు ఒకటి ఉంది. కాఫీ మొక్క నాటితే పండు చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. బ్రెజిల్లో మంచు కురిసి పంట పోతే ధర పెరుగుతుంది. ఆ ధర చూసి అన్ని ఖండాల్లోనూ రైతులు మొక్కలు నాటుతారు. అవన్నీ ఒకేసారి కాపుకొచ్చేసరికి గింజ పోటెత్తి ధర పడుతుంది. వరి రైతైతే మరుసటి పంటకు మనసు మార్చుకోవచ్చు. ఇరవై ముప్పై ఏళ్లు నిలబడే తోట వేసినవాడు మార్చుకోలేడు.

రెండో కష్టం ధర మామూలుగా ఉన్న రోజుల్లోనూ ఉండేది. మార్కెట్ ధర ఒకటే, పండించే ఖర్చు మాత్రం చోటుకొక తీరు. బ్రెజిల్లో చదునైన పెద్ద తోటల్లో యంత్రాలు పండ్లు రాల్చుకుంటూ పోతాయి. ఇథియోపియాలోనో, గ్వాటెమాలాలోనో ఏటవాలు కొండ మీద ఎకరం రెండెకరాలు ఉన్న కుటుంబం ఒక్కొక్క పండూ చేత్తో కోయాలి. కిలో పచ్చి గింజలకు ఐదారు కిలోల పండ్లు కావాలి. అంటే పెద్ద తోటకు నాలుగు రాళ్లు మిగిల్చే ధరే చిన్న రైతుకు పెట్టుబడి కూడా తిరిగివ్వకపోవచ్చు.

మొదటి కష్టానికి కావలసింది నేల లాంటి ఒక కనీస ధర. రెండో కష్టానికి కావలసింది ఏటా మార్కెట్‌ను మించి దొరికే ధర, అదీ నాలుగు కాలాలపాటు. పొట్లం మీది ప్రతి ముద్రనూ ఈ రెండు ప్రశ్నలతో గీటురాయి మీద గీసి చూడవచ్చు.

ఫెయిర్‌ట్రేడ్: అంకె వేసి చెప్పే ముద్ర

మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో ఉసిరి (UCIRI) అనే చిన్న రైతుల సహకార సంఘంతో కలిసి పనిచేసిన డచ్ మతగురువు ఫ్రాన్స్ వాన్ డెర్ హాఫ్, నెదర్లాండ్స్‌లోని సాలిడారిడాడ్ సంస్థకు చెందిన నికో రోజెన్ కలిసి 1988లో మాక్స్ హావెలార్ పేరుతో తొలి ముద్ర తెచ్చారు. మరుసటి ఏడాదే కోటాలు కూలాయి. పద్ధతి పుట్టడమూ దాని అవసరం పెరగడమూ దాదాపు ఒకేసారి జరిగాయన్నమాట. ఇలాంటి దేశీయ ముద్రలన్నీ 1997లో ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఇప్పుడు ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ అని పిలిచేది దాన్నే. కేంద్రం జర్మనీలోని బాన్ నగరం.

దాని ప్రధాన నియమం సూటిగా ఉంటుంది. కడిగి శుద్ధి చేసిన అరబికాకు 2023 ఆగస్టు నుంచి పౌండుకు 1.80 డాలర్లు కనీస ధర. అంతకుముందు పన్నెండేళ్లపాటు అది 1.40 దగ్గరే ఆగిపోయింది. పన్నెండేళ్లలో ఎరువుల ధరలు ఎక్కడ ఆగాయో ఎవరైనా చెబితే వినాలని ఉంది. ఎండబెట్టి శుద్ధి చేసిన రోబస్టాకు కనీస ధర 1.20 డాలర్లు. మార్కెట్ ధర ఇంతకంటే ఎక్కువ ఉంటే మార్కెట్ ధరే ఇవ్వాలి. ఏ ధర ఇచ్చినా దాని మీద పౌండుకు 20 సెంట్లు ప్రీమియం. అది సంఘం సభ్యులు ఓటు వేసి ఎలా వాడాలో తేల్చుకునే ఉమ్మడి నిధి. అందులో కనీసం 5 సెంట్లు దిగుబడికో నాణ్యతకో పెట్టాలి. సేంద్రియ కాఫీ అయితే ఇంకో 40 సెంట్లు. సంఘం అడిగితే కొనేవాడు ఒప్పందం విలువలో 60 శాతం వరకు ముందుగా సమకూర్చాలన్నది మరో నియమం. బయట దీన్ని పెద్దగా ఎవరూ చెప్పుకోరు గానీ, కోతల కాలంలో వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా రైతును ఆపేది ఇదే.

ఇదంతా మన కప్పులోకి దించి చూద్దాం. వేయిస్తే గింజ బరువు 15 నుంచి 20 శాతం తగ్గుతుంది. కాబట్టి కిలో వేయించిన కాఫీకి సుమారు 1.2 కిలోల పచ్చి గింజలు కావాలి, అంటే 2.65 పౌండ్లు. 1.80 చొప్పున 4.77 డాలర్లు, ప్రీమియం మరో 53 సెంట్లు, మొత్తం 5.30 డాలర్లు. కప్పుకు 15 గ్రాములు వేసుకుంటే కిలోకు 66 కప్పులు వస్తాయి. కప్పుకు 8 సెంట్లు. అందులో ప్రీమియం ఒక సెంటు కూడా కాదు.

ఇప్పుడు గడ్డుకాలం లెక్క. 2019లో మార్కెట్ ధర 90 సెంట్ల చుట్టూ తిరుగుతున్నప్పుడు అప్పటి కనీస ధర, ప్రీమియం కలిపి 1.60 డాలర్లు. తేడా పౌండుకు 70 సెంట్లు. మన కప్పులో అది మూడు సెంట్లకు లోపే. రైతు సంఘానికి మాత్రం ఆదాయంలో మూడింట రెండు వంతులకు పైగా పెరుగుదల. న్యాయమైన కాఫీ ఖరీదెక్కువ అనే మాట వినబడినప్పుడల్లా నాకీ మూడు సెంట్లే గుర్తొస్తాయి. పొట్లం ధరలో తేడా అంతకంటే ఎంతో ఎక్కువ కనిపిస్తే, ఆ మిగతాది వెళ్లింది తోటకు కాదు.

ఇంతవరకు బాగుంది. ఇక లొసుగులు.

పైన చెప్పిన ధరలు ఎఫ్‌ఓబీ ధరలు, అంటే సరుకు రేవులో ఓడ ఎక్కేసరికి లెక్కగట్టే ధరలు. అందుకునేది రైతు కాదు, అతని సంఘం. అందులోంచి పొట్టు తీసే మిల్లు ఖర్చు, రవాణా, ఎగుమతి రుసుములు, సంఘం సిబ్బంది జీతాలు, పాత అప్పుల కిస్తీలు పోగా మిగిలింది రైతు చేతికి వస్తుంది. దీన్ని కల్లం ధర అందాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడం లేదన్న సామెత కొన్ని సంఘాలకు అతుకుతుంది. చాలా సంఘాలకు అతకదు, ఎందుకంటే ఆ ఖర్చులు నిజమైనవే. సంఘం లేకపోతే అదే పని దళారి చేసి అంతకంటే ఎక్కువే పట్టుకుంటాడు.

రెండో లొసుగు ఇంకా లోతైనది. ముద్ర పొందిన సంఘం తన పంటంతా ఆ ధరకు అమ్ముకోలేదు. కొనేవాడు అడిగినంతే ఆ లెక్కలో పోతుంది, మిగిలింది మామూలు ధరకే. ఆర్థికవేత్త అలాఁ ద జాన్వ్రీ, ఆయన సహచరులు గ్వాటెమాలా సహకార సంఘాల పదేళ్లకు పైబడిన లెక్కలు తీసి చూసి 2015లో ప్రచురించిన అధ్యయనం దీన్నే పట్టుకుంది. మార్కెట్ ధర పడినప్పుడు ముద్ర విలువ పెరుగుతుంది. విలువ పెరగగానే మరిన్ని సంఘాలు ముద్ర కోసం చేరతాయి. చేరేకొద్దీ ఒక్కో సంఘం ఆ ధరకు అమ్ముకోగలిగే వాటా కుంచించుకుపోతుంది. ముద్ర ఖర్చులు తీసేస్తే చివరికి మిగిలే లాభం సున్నాకు దగ్గరగా వచ్చిందని వారు తేల్చారు. దీన్ని చదివి ముద్ర దండగ అనుకునేవారున్నారు. నాకు మాత్రం తిరగేసి అర్థమైంది. సరఫరా ఎక్కువై గిరాకీ తక్కువైన చోట, కొనేవాడు ఒకడు పెరిగితే ఆ మేరకు సంఘం వాటా పెరుగుతుంది.

మూడోది కోతకూలీ. కనీస ధర తోట ఉన్నవాడి కోసం. ఆ తోటలో రోజుకూలికి పండ్లు కోసేవారి సంగతి వేరు. 2014లో లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇథియోపియా, ఉగాండాలలో చేసిన అధ్యయనంలో ఫెయిర్‌ట్రేడ్ సంఘాలున్న ప్రాంతాల కూలీలకు మిగతా చోట్ల కంటే తక్కువ కూలి అందుతోందని తేలింది. పోలిక పద్ధతి సరిగా లేదని ఫెయిర్‌ట్రేడ్ సంస్థ అభ్యంతరం చెప్పింది. చిన్న తోటను పెద్ద ఎస్టేటుతో పోలిస్తే కూలి తక్కువ కనిపించడంలో వింత లేదన్నది నిజమే. అయినా ఎకరం రైతే బొటాబొటిగా బతుకుతుంటే అతని కూలీకి పొట్లం మీది ముద్ర ఏమిచ్చినట్టు?

చీలికలు, బంధువులు

2011 చివర్లో అమెరికా శాఖ ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ నుంచి విడిపోయి ఫెయిర్ ట్రేడ్ యూఎస్‌ఏగా తన దారి తాను చూసుకుంది. గొడవ పెద్ద ఎస్టేట్ల గురించే. అంతర్జాతీయ సంస్థ కాఫీలో చిన్న రైతుల సంఘాలకే ముద్ర ఇస్తుంది. విడిపోయిన సంస్థ ఎస్టేట్లకూ, ఏ సంఘంలోనూ లేని విడి రైతులకూ ఇస్తామంది. వారి వాదనలో బలం లేకపోలేదు. ఇందాక చెప్పుకున్న కోతకూలీలు ఎక్కువగా ఉండేది ఎస్టేట్లలోనే కదా. ఇటు వాదన కూడా బలమైనదే: ఎస్టేటుకు అదే ముద్ర దొరికితే పెద్ద కొనుగోలుదారు వందమంది రైతుల సంఘంతో వేగడం ఎందుకని ఒకే యజమాని దగ్గర కొనేస్తాడు. చిన్న రైతు మళ్లీ గేటు బయటే. నేను రెండో వైపు మొగ్గుతాను. కొనేవారికి పనికొచ్చే విషయం మాత్రం ఇది: రెండు ముద్రల పేర్లు వినడానికి ఒకటే, బొమ్మలు వేరు. చెయ్యెత్తిన మనిషి అంతర్జాతీయ సంస్థది.

లాటిన్ అమెరికా రైతు సంఘాలు 2006లో మరో అడుగు ముందుకేసి చిన్న ఉత్పత్తిదారుల గుర్తు పేరిట ఎస్‌పీపీ అనే సొంత ముద్ర తెచ్చుకున్నాయి. నియమాలు రాసేదీ, నడిపేదీ రైతు సంఘాలే. ఆ ముద్ర కనిపించడం అరుదు. కనిపిస్తే వదలకండి.

కప్ప, ఆకు, పక్షి

కప్ప బొమ్మ రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్‌ది. 2018లో ఉట్జ్ అనే మరో ముద్ర ఇందులో కలిసిపోయింది. అడవి, నీరు, నేల, పురుగుమందులు, పనివారి హక్కులు, బాలకార్మిక నిషేధం, ఇవన్నీ దీని నియమాల్లో ఉన్నాయి. కోతకూలీ విషయంలో దీన్ని తీసిపారేయడానికి లేదు, ఎందుకంటే పెద్ద తోటలూ దీని పరిధిలోకి వస్తాయి, చట్టబద్ధమైన కనీస వేతనం తప్పనిసరి. కానీ గింజకు కనీస ధర లేదు. మార్కెట్ ధర మీద రైతుకు నగదుగా కొంత అదనం ఇవ్వాలని 2020 నాటి ప్రమాణం చెబుతుంది. కాఫీకి ఆ 'కొంత' ఎంత అన్నది ఇద్దరి బేరానికి వదిలేశారు. బేరంలో ఎవరిది పైచేయో వేరే చెప్పాలా? ధర 90 సెంట్లకు పడిన ఏడాది కప్ప బొమ్మ ఉన్న తోటకు 90 సెంట్లూ, ఆ పైన దక్కిన చిల్లరా వస్తాయి.

కాబట్టి రైతు ధర కోసమైతే కప్పను రెండో వరుసలో కూర్చోబెట్టాలి. అడవి కోసమైతే ముందు వరుసలోనే.

ఆకు బొమ్మతో కనిపించే సేంద్రియ ముద్ర పండించిన తీరుకు సంబంధించింది. మార్కెట్లో దానికి కొంత ఎక్కువ ధర పలుకుతుంది, అది రైతు వరకు దిగుతుందనే హామీ ఆ ముద్రలో లేదు. చెట్ల నీడలో పెరిగిన కాఫీకి అమెరికా పరిశోధన సంస్థ స్మిత్సోనియన్ వారు ఇచ్చే పక్షి ముద్రదీ ఇదే కథ. ఇవి ఫెయిర్‌ట్రేడ్‌తో జంటగా ఉన్నప్పుడు మాత్రం బలం పెరుగుతుంది, సేంద్రియానికి అదనపు 40 సెంట్లు అంకెగా వస్తాయి కాబట్టి.

పెద్ద కంపెనీల సొంత కార్యక్రమాలను ఒక్క పేరాలో ముగించేస్తాను. స్టార్‌బక్స్ వారి కేఫ్ ప్రాక్టీసెస్, నెస్‌ప్రెసో వారి ట్రిపుల్ ఏ, ఇలా పేర్లు చాలా ఉన్నాయి. వీటిలో తనిఖీలున్నాయి, రైతులకు శిక్షణ ఉంది, నాణ్యతకు అదనపు ధర కూడా ఉండొచ్చు. కానీ నియమం పెట్టేదీ, సరుకు కొనేదీ ఒకే ఇల్లైనప్పుడు దాన్ని ముద్ర అనడం కంటే కొనుగోలు విధానం అనడం సబబు. పౌండుకు సగటున ఎంత చెల్లించారో ఆ కంపెనీ ప్రచురిస్తే చదవండి. ప్రచురించకపోతే ఇంతకుముందే చెప్పాను, నా లెక్కలో అది సున్నా.

నేరుగా కొన్నామనేవారు

ఇక ముద్ర లేని దారి. చిన్న రోస్టర్లు, అంటే గింజ కొని తామే వేయించి అమ్మేవారు, 'మధ్యలో ఎవరూ లేరు, రైతు దగ్గరే కొన్నాం' అంటారు. అమెరికాలో ఇంటెలిజెన్షియా, కౌంటర్ కల్చర్, స్టంప్‌టౌన్ వంటి సంస్థలు ఈ శతాబ్దం మొదట్లో ఈ పద్ధతికి పేరు తెచ్చాయి. వారి తర్కం మనం మొదట చెప్పుకున్న రెండో కష్టానికి సంబంధించినది. ఫెయిర్‌ట్రేడ్ కనీస ధర మంచి గింజకూ మామూలు గింజకూ ఒకటే. నాణ్యతకు తగ్గ ధర ఇస్తే రైతు మార్కెట్ ధరను పట్టుకుని వేలాడనక్కర్లేదు కదా అని.

నిజంగా జరిగినచోట ఇది ఫెయిర్‌ట్రేడ్‌ను మించిపోతుంది. రుచి చూసేవారు నూటికి 80కి పైగా మార్కులు వేసిన గింజను స్పెషాలిటీ కాఫీ అంటారు. 85 దాటిన సరుకుకు న్యూయార్క్ ధరతో సంబంధం లేకుండా బేరం కుదరడం మామూలే. 1999లో బ్రెజిల్లో మొదలైన కప్ ఆఫ్ ఎక్సలెన్స్ పోటీల్లో గెలిచిన గింజను వేలం వేస్తారు, అందులో మార్కెట్ ధరకు ఎన్నో రెట్లు పలికిన సందర్భాలున్నాయి.

చిక్కేమిటంటే 'నేరుగా కొన్నాం' అనే మాటకు ఎవరూ రాసిపెట్టిన అర్థం లేదు. తనిఖీ లేదు. ఏడాదికి ఒకసారి తోటకెళ్లి రైతుతో ఫొటో దిగి, ఎప్పటిలాగే దిగుమతిదారు గిడ్డంగి నుంచి బస్తాలు తెప్పించుకున్నవాడూ ఆ మాట అనవచ్చు. అది పచ్చి అబద్ధం కూడా కాకపోవచ్చు. ఇంకొక సంగతి: రోస్టరు కొనేది పంటలో నెత్తిమీది మీగడ. పదిహేను బస్తాలకు గొప్ప ధర ఇచ్చి మిగతా వంద బస్తాలు దళారికి వదిలేస్తే ఆ రైతు ఏడాది ఆదాయం పెద్దగా మారదు. పైగా వచ్చే ఏడాది వాన సరిగా పడక మార్కులు 83కి తగ్గితే ఆ రోస్టరు పక్క కొండకు వెళ్లిపోతాడు. కనీస ధర అనే నేల లేని ఇల్లు ఇది.

అందుకే ఈ దారిలో పోవాలంటే రోస్టరు ఏం బయటపెడుతున్నాడో చూడాలి. కొన్ని సంస్థలు ఏటా తాము కొన్న ప్రతి సరుకుకూ పట్టిక ప్రచురిస్తున్నాయి: రైతు లేదా సంఘం పేరు, ఎఫ్‌ఓబీ ధర, ఎంత కొన్నారు, మార్కులెన్ని, ఎన్నేళ్లుగా కొంటున్నారు. ఇందులో చివరి గడి నాకు అన్నింటికంటే ముఖ్యం. ఆరేళ్లుగా అదే సంఘం దగ్గర కొంటున్నవాడు మధ్యలో కనీసం ఒక చెడ్డ పంటను కూడా కొని ఉంటాడు.

ఆ అంకెలు ఎక్కువో తక్కువో తేల్చుకోవడానికి అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం నుంచి వెలువడే స్పెషాలిటీ కాఫీ ట్రాన్సాక్షన్ గైడ్ పనికొస్తుంది. ఎన్ని మార్కుల గింజ ఎంత పరిమాణంలో కొంటే నిజంగా ఏ ధర పలికిందో అందులో ఉంటుంది. రోస్టరు చెప్పిన ధరను పక్కన పెట్టి చూడండి.

ధర మండిపోతున్న రోజుల్లో

మార్కెట్ ధర కనీస ధరకు రెండింతలు దాటిన కాలంలో ఈ పోలిక అంతా తలకిందులవుతుంది. 1.80 నేల అప్పుడు నిద్రపోతుంది. ముద్రలో మిగిలేది 20 సెంట్ల ప్రీమియం ఒక్కటే. రైతుకు పండగే అనుకుంటాం గానీ సంఘాలు చాలా చితికిపోయేది ఇలాంటప్పుడే. కోతకు ముందే ఒక ధరకు ఒప్పందం రాసుకున్న సంఘానికి గింజ ఇవ్వాల్సిన రైతు, గుమ్మం దగ్గరికి నగదు పట్టుకొచ్చిన దళారికి అమ్మేస్తాడు. 2021లో కొలంబియాలో ధరలు ఎగసినప్పుడు రైతులు ముందు ఒప్పుకున్న సరుకు ఇవ్వక సహకార సంఘాలు, ఎగుమతిదారులు నష్టాల్లో కూరుకుపోయారు. రైతును తప్పుపట్టలేం. 2019లో డాలరు కంటే తక్కువకు అమ్ముకున్నప్పుడు అతని నష్టాన్ని ఎవరూ పంచుకోలేదు.

అందుకని ధర ఎక్కువున్న రోజుల్లో ముద్ర కంటే కొనేవాడి తీరు ఎక్కువ చెబుతుంది. పాత ఒప్పందాన్ని తిరగరాసి ధర పెంచాడా? సంఘానికి ముందస్తు డబ్బు సర్దాడా? ఇలాంటివి బయటపెట్టే రోస్టరు పొట్లం మీద ఏ బొమ్మా లేకపోయినా కొనొచ్చు. ధర పడిన రోజున మాత్రం నన్నడిగితే చెయ్యెత్తిన మనిషి ఉన్న పొట్లమే తీసుకోమంటాను, అప్పుడు ఆ ముద్ర కాగితం మీది నియమం కాదు, బతుకుతెరువు.

అయితే ఏది కొనాలి?

రోజూ తాగే కాఫీ, పెద్ద పొట్లాలు, పేరున్న బ్రాండ్లు మాత్రమే దొరికేవారికి నా సలహా ఫెయిర్‌ట్రేడ్ ఇంటర్నేషనల్ ముద్ర, వీలైతే సేంద్రియ ముద్రతో జంటగా. చిన్న రైతుల సంఘం, అంకె వేసిన నేల, ముందస్తు డబ్బు మూడూ ఒకేచోట దొరికేది అక్కడే. రుచి పట్ల పట్టింపు ఉండి కాస్త ఎక్కువ పెట్టగలిగినవారు ధరల పట్టిక ప్రచురించే రోస్టరును వెతుక్కోండి, ముద్ర లేదని వెనకాడకండి. పట్టిక లేదు, ముద్రా లేదు, ఫొటోలు మాత్రం దండిగా ఉన్నాయంటే ఫొటోలకు డబ్బులిచ్చినట్టే. మీ పట్టింపు అడవి, నీడ, నీరు అయితే కప్ప, పక్షి సరైనవే, వాటిని రైతు ధరకు హామీ అనుకోకపోతే చాలు. ఆఫీసుకో హోటలుకో బస్తాల లెక్కన కొనేవారి మాట వేరు. అంత కొనేవారు నేరుగా సంఘంతోనో దిగుమతిదారుతోనో రెండు మూడేళ్ల ఒప్పందం కుదుర్చుకోగలరు. చిన్న రైతుకు ఏ ముద్రా ఇవ్వలేని స్థిరత్వం అది. ధర ఎంత ఉండాలని సందేహం వస్తే, కుటుంబం గౌరవంగా బతకడానికి ఎంత కావాలన్న లెక్క నుంచి వెనక్కి వచ్చి కట్టిన ధరను ఫెయిర్‌ట్రేడ్ 2021లో కొలంబియా కాఫీకి ప్రకటించింది. తప్పనిసరి కాదు గనక పాటించేవారు తక్కువ, కానీ బేరం మొదలుపెట్టడానికి కనీస ధర కంటే అది మెరుగైన చోటు.

ఒక పొట్లంలో ముద్ర ఉన్న కాఫీ ఎంత శాతం అన్నది కూడా చూడండి. పలు తోటల గింజ కలిపిన మిశ్రమాల్లో కొంత భాగానికే ముద్ర వర్తించే పద్ధతి కొన్ని ముద్రల్లో ఉంటూ వచ్చింది. అలాంటప్పుడు శాతం చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది.

రోస్టరుకు రాయాలనిపిస్తే 'మీ కాఫీ న్యాయమైనదేనా' అని అడగకండి. ఎవరైనా అవుననే అంటారు. 'ఈ పొట్లంలోని గింజకు ఎఫ్‌ఓబీ ధర ఎంత ఇచ్చారు, అందులో కల్లం దగ్గర రైతుకు ఎంత చేరింది, కోతకూలి ఎంత, ఎన్నేళ్లుగా కొంటున్నారు' అని అడగండి. ఎఫ్‌ఓబీ ధర చెప్పి, కల్లం ధర సంఘాన్ని అడిగి చెబుతామని రాసి, కోతకూలి సంగతి తమకు తెలియదని ఒప్పుకున్నవాడి దగ్గర నేను కొంటాను. నాలుగు ప్రశ్నలకూ కలిపి తోట ఫొటోలు పంపినవాడి దగ్గర కొనను.